మొదటి పాఠం

బొల్లారంలో రైలుగేటు దాటాక
దొరసాని బంగళాకు ఇరవై రూపాయల టికెట్టు.
కరెంటాఫీసు పని మీద వచ్చినదాన్ని,
మీటరు చూసుకుని పోతే సరిపోయేది.
లోపలికెళ్లాను.

చెప్పులు బయట విడవమన్నాడు జెకర్యా అనే కుర్రాడు.
నేల పాలిషు చేసి పది రోజులే అయిందట.
మా అమ్మమ్మ ఈ నేలను
పదకొండేళ్లు మోకాళ్ల మీద కూర్చుని తుడిచింది.
ఆ మోకాళ్ల నలుపు చచ్చేదాకా వదల్లేదు.
అతనికి ఆ సంగతి చెప్పలేదు.
చెప్పులు విడిచాను.

ముందు గదిలో హార్మోనియం,
దోమతెర కట్టిన మంచం,
కుబుసంలా వేలాడే తెల్ల గౌను,
నాఫ్తలీను వాసన.
గోడకు పైన చిన్న రంధ్రం.
"పంకా తాడు దీంట్లకెల్లి బయటికి పోయేది మేడం,
లాగేటాయన వరండాల కూసునేటోడు."
మునివేళ్ల మీద లేచి చూశాను.
అవతల ఏసీ పెట్టె నీళ్లు కారుస్తోంది.

వంటిల్లెక్కడ అన్నాను.
ఇంటికి నలభై అడుగుల దూరంలో కట్టేవారట,
పొగ, వాసన, మాటలు ఇటు రాకుండా.
ఇప్పుడవి బాత్రూములు.
ఒక తలుపు మీద టోపీ బొమ్మ, ఒక తలుపు మీద గొడుగు.

తర్వాత గాజుపెట్టె, దాని మీద చిన్న దీపం.
మిస్ హారియట్ తెలుగు నేర్చుకున్న నోటుపుస్తకం.
"స్థానిక సేవకురాలి సాయంతో" అని చీటీ.
సేవకురాలికి పేరు లేదు.

ఒకటో తరగతి పిల్ల పలక మీద దిద్దినట్టు
గుండ్రటి, భయం భయం అక్షరాలు:
నీళ్లు కాగినయా.
అన్నం మాడింది.
పాలల్ల చీమ పడ్డది.
ఎండ మండుతున్నది, గొడుగు తే.
మున్షీలు నేర్పే తెలుగు కాదిది.
పాలల్ల అంటున్నప్పుడు
ఆ చివరి అక్షరం దగ్గర నాలిక కాస్త ఆగే తీరు
మా ఇంట్లోదే.

ఆమె తెలుగు అద్దం కింద భద్రంగా ఉంది.
అమ్మమ్మ ఇంగ్లీషు,
కరిమేలు పుడ్డింగు, గుర్నైటు, థాంకూ లార్డు,
రోడ్డవతల సమాధుల్లో
సిలువ ఒక చెయ్యి విరిగిన చోట ఉంది.

ఎడమ పేజీ పైన తేదీ చెరిగిపోయింది. కింద:
నీ పేరేంది?
నా పేరు ఈదమ్మ.
ఈదమ్మ మీద ఎర్రసిరా గీత.
పక్కన అదే సిరాతో, సలోమి.

పై వాక్యంలో మరిచిన సున్నను పెట్టిందీ ఆ సిరాయే.
దొరసాని తన పాఠంలో తప్పు దిద్దుకుందో,
ఆదివారం తడి తలతో బాప్తిస్మం నుంచి వచ్చి
అమ్మమ్మే "గది కొట్టెయ్యి అమ్మగారూ" అన్నదో.
గీత ఎక్కడా వణకలేదు.
కింద పేరు మాత్రం చక్కగా చదవొస్తోంది.

రేషను కార్డులో, గుడి రిజిస్టరులో, రాయి మీద
ఆమె మాకు సలోమమ్మే.
ఈదమ్మ అన్న మాట నేను
పాలమూరు బస్సులో పోతూ
ఊరి చివర నడుమెత్తు గుడి మీద చదివాను ఒకసారి.
చేతులు జోడించలేదు. మాకు అలవాటు లేదు.

బయటికొచ్చి అమ్మకు ఫోను చేశాను.
"అమ్మమ్మ మొదటి పేరు నీకు ఎరుకేనా?"
కుక్కరు మూడు కూతలు కూసేదాకా ఏమీ అనలేదు.
"ఎవరు చెప్పిన్రు?"
"ఆమెనే."
"వచ్చేటప్పుడు బ్రెడ్డు తీసుకరా.
మొగులైంది, గొడుగున్నదా?"

ఇద్దరం ఫోను పెట్టలేదు.
గిన్నె ఎక్కడో దించిన చప్పుడు.
తర్వాత, గదిలో ఇంకెవరూ లేరని చూసుకున్నట్టు, మెల్లగా:
"జ్వరమొచ్చినప్పుడు
ఆ పేరు పెట్టి పిలిస్తెనే పలికేది."